పొల ఎలుకలోని పురుగు: సరైన పేరు, భద్రపరచిన నమూనా

ఖరీఫ్ వరి పిలకల దశకు చేరే నాటికి గోదావరి డెల్టాలో ఎలుకల సామూహిక నిర్మూలన మొదలవుతుంది. తొలిరోజు గట్ల మీది బొరియలన్నిటినీ మట్టితో మూస్తారు. మరునాడు తెరుచుకున్న వాటిని లెక్కించి, 96 పాళ్ళ నూకలకు 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ బ్రోమోడయోలోన్ మందు కలిపిన ఎరను పొట్లాలు కట్టి వాటిలో వేస్తారు. కొన్ని రోజుల తరువాత బొరియలను మళ్ళీ మూసి, మళ్ళీ లెక్కిస్తారు. మొదటి అంకెకూ రెండవ అంకెకూ ఉన్న తేడాయే కార్యక్రమ ఫలితం. వెదురు బుట్టలతో ఎలుకలను పట్టించే చోట ఆ లెక్క పట్టిన ఎలుకల సంఖ్య మీద నడుస్తుంది. లెక్క ముగిశాక ఎలుక శరీరం గోతిలోకో, కాలువ గట్టుకో, కొన్ని ఇళ్ళలో వంటకో చేరుతుంది. దానిలో ఏమున్నదో తెలుసుకొనే ప్రయత్నం ఈ క్రమంలో ఎక్కడా భాగం కాదు.

పొల ఎలుక ఒంటరి జీవి కాదు. దాని పేగులో, కాలేయంలో, ఊపిరితిత్తుల ధమనులలో, మూత్రాశయంలో సైతం పురుగులు నివసిస్తాయి. వాటిలో కొన్ని మనిషికి సోకుతాయి, కొన్ని పిల్లి ద్వారా తిరుగుతాయి, మరికొన్నిటికి నత్తలు, ధాన్యపు పురుగులు, బొద్దింకలు వాహకాలు. ఆ పురుగులను గుర్తించి వర్గీకరించడం పశువైద్యులదో జంతుశాస్త్రజ్ఞులదో అయిన పని అని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు భావిస్తూ వచ్చాయి. ఆ భావన సరైనది కాదు. ఎలుకలు సీజనుకు సీజను వ్యవసాయ విస్తరణ సిబ్బంది కళ్ళ ముందే చనిపోతున్నాయి. పొలం, పంట దశ, నేల తేమ, గడ్డివాముల దూరం, చుట్టుపక్కల నత్తల ఉద్ధృతి వంటి వివరాలన్నీ వారి పుస్తకాలలో ముందే ఉన్నాయి. పరాన్నజీవి శాస్త్రజ్ఞుడికి విడిగా దొరకని సమాచారం ఇదే.

పురుగు కంటే ముందు ఎలుకకు సరైన పేరు కావాలి. పరిశోధన వ్యాసాలలో అతిథేయిని "పొల ఎలుక" అని మాత్రమే పేర్కొని వదిలివేయడం అరుదేమీ కాదు. వరి గట్లలో ప్రధానంగా కనిపించే చిన్న పందికొక్కు బాండికోటా బెంగాలెన్సిస్. మెత్తని బొచ్చు గలది మిల్లార్డియా మెల్టాడా. తోక చివర నల్లని కుచ్చు, పై కత్తెర పళ్ళ మీద గాడి ఉన్నది మెట్ట పొలాల జెర్బిల్ ఎలుక, టాటెరా ఇండికా. చుంచెలుకల విషయంలో చిక్కు మరింత ఎక్కువ. మస్ బూదుగా, మస్ టెర్రికలర్ అనే రెండు జాతులు పైకి దాదాపు ఒకటిగానే కనిపిస్తాయి. వాటిని నిశ్చయంగా వేరుచేయడానికి క్రోమోజోముల దాకా వెళ్ళవలసి వస్తుంది. పేర్లు కూడా కాలంతో మారుతూ వచ్చాయి. నేటి మిల్లార్డియా మెల్టాడా పాత వ్యాసాలలో రాటస్ మెల్టాడాగా కనిపిస్తుంది. ఈ మార్పులు తెలియని విద్యార్థి ఒకే ఎలుక పురుగులను రెండు ఎలుకల పురుగులుగా పట్టికలో చేర్చే ప్రమాదమున్నది.

పేరు దారి తప్పడానికి పందికొక్కే మంచి ఉదాహరణ. తెలుగు పందికొక్కు ఆంగ్లంలోకి వెళ్ళి బాండికూట్ అయింది. ఆ మాటనే ఆస్ట్రేలియాకు చేరిన తెల్లవారు అక్కడి సంచిజీవి ఒకదానికి తగిలించారు. ఆ జంతువు ఎలుకల కుటుంబానికి దరిదాపుల్లో కూడా లేదు. నేడు బాండికూట్ పరాన్నజీవుల గురించి వెదికే విద్యార్థికి ఆ సంచిజీవి పురుగుల వ్యాసాలు కూడా ఎదురవుతాయి. తెలుగు మాటే తెలుగు విద్యార్థిని దారి తప్పించడం విచిత్రమే.

పురుగుల విషయానికి వస్తే, కాలేయం నుండి మొదలుపెట్టడం ఉచితం. పందికొక్కు కాలేయం మీద బఠాణీ గింజంత తెల్లని తిత్తి కనిపించినప్పుడు దానిని సూదితో విప్పితే లోపల ముడుచుకొని ఉన్న పొడవాటి, కణుపులు కణుపులుగా ఉన్న డింభకం బయటపడుతుంది. ఇది పిల్లి పేగులో నివసించే బద్దెపురుగు తొలి దశ. రుడాల్ఫీ 1808లో ఈ డింభకాన్ని వేరే జీవిగా భావించి సిస్టిసెర్కస్ ఫాసియోలారిస్ అని పేరు పెట్టాడు. పిల్లిలోని ప్రౌఢ పురుగుకు బాట్ష్ 1786లోనే ఒక పేరు ఇచ్చి ఉన్నాడు. అది టీనియా టీనియెఫార్మిస్‌గా స్థిరపడింది. రెండూ ఒకటేనని తేలిన తరువాత కూడా డింభకపు పేరు ప్రయోగశాలలలో కొనసాగింది. 2013లో అణుస్థాయి పరిశీలనల ఆధారంగా దీనిని టీనియా నుండి విడదీసి హైడాటిజెరా ప్రజాతిని పునరుద్ధరించారు. ఆ తరువాత ఐరోపా, ఆసియాల నమూనాలను పరిశీలించగా ఒకటే జాతి అనుకొన్నది ఒకటి కాదని తేలి, 2016లో హైడాటిజెరా కమియై అనే మరొక జాతిని వేరుచేశారు. అంటే, గోదావరి గట్టు పందికొక్కులోని తిత్తికి ఏ పేరు తగునో పాత పుస్తకం చూసి చెప్పడం ఇక చెల్లదు. నమూనా ఉంటే చెప్పవచ్చు. పట్టికలోని శాతం మాత్రమే మిగిలి ఉంటే ఎవరూ చెప్పలేరు.

అదే కాలేయం మీద తిత్తికి బదులు పసుపుపచ్చని, అంచులు సరిగా లేని మచ్చలు, చారలు కనిపిస్తే అది వేరే కథ. తిత్తిని సూదితో పైకి తీయవచ్చు. ఈ మచ్చ కాలేయపు కండలో కలిసిపోయి ఉంటుంది. చిన్న ముక్కను గాజు పలకల మధ్య నలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, రెండు కొసలా బిరడాలున్న గుడ్లు గుంపులుగా కనిపిస్తాయి. ఇది కాలోడియం హెపాటికం. బాంక్రాఫ్ట్ 1893లో దీనిని ట్రైకోసెఫాలస్ ప్రజాతిలో చేర్చాడు. ఆపై హెపాటికోలా, కాపిలేరియా అని మారుతూ 1982లో మొరావెక్ చేతిలో కాలోడియంకు చేరింది. వైద్య గ్రంథాలలో ఇప్పటికీ కాపిలేరియా హెపాటికా అనే పేరే ఎక్కువ. పేర్ల గందరగోళం విసుగు పుట్టించేదే కాని, ఈ పురుగు జీవితచక్రం విస్తరణ శాస్త్రవేత్తలు తప్పక తెలుసుకోవలసినది.

ఈ పురుగు కాలేయంలోనే గుడ్లు పెడుతుంది. ఎలుక బ్రతికి ఉన్నంతకాలం ఆ గుడ్లకు బయటకు దారి లేదు. ఎలుక చనిపోయి కుళ్ళినప్పుడో, పిల్లి, కుక్క, గుడ్లగూబ వంటివి దానిని తిని విసర్జించినప్పుడో గుడ్లు నేలకు చేరుతాయి. గాలి, తేమ, వెచ్చదనం ఉన్న మట్టిలో కొన్ని వారాలకు వాటిలో పిండాలు తయారవుతాయి. అప్పుడు మాత్రమే అవి సోకగలవు. మనిషికి, ముఖ్యంగా మట్టిలో ఆడే పసిపిల్లలకు, సోకడం అరుదే. అయినా సోకితే కాలేయం తీవ్రంగా దెబ్బతింటుంది.

ఈ వివరాలను నిర్మూలన కార్యక్రమం పక్కన పెట్టి చూడాలి. ఎలుక మరణమే ఈ పురుగుకు తలుపు తెరిచే ఘటన. ఒకే వారంలో వందలాది ఎలుకలను చంపి, బయట దొరికిన శరీరాలను గట్టు మీద వదిలివేస్తే, ఆ గ్రామంలో కాలోడియం ఉన్నట్లయితే, కార్యక్రమమే గుడ్లను మట్టికి చేర్చినట్లవుతుంది. చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టాలన్న సూచన కరపత్రాలలో దుర్వాసన, విషం సాకుగా ఒక వాక్యంలో వస్తుంది. దానికి ఈ కారణం కూడా తోడైతే ఆ వాక్యానికి బరువు పెరుగుతుంది. ఏ మండలంలోని ఎలుకలలో ఈ పురుగు ఉన్నదో తెలియకుండా ఆ బరువు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం కష్టం.

ఎలుకల వేట జీవనాధారంగా గల కుటుంబాలకు ఈ సమాచారం మరో విధంగా అవసరం. కోస్తా జిల్లాలలో యానాదులు తరతరాలుగా పొల ఎలుకలను పట్టడంలో నేర్పరులు. ఆ మాంసం వారి ఆహారంలో భాగం. కాలోడియం ఉన్న కాలేయాన్ని తిన్న వ్యక్తి మలంలో మరునాడు గుడ్లు కనిపించవచ్చు. అవి పిండం తయారుకాని గుడ్లు. పేగు గుండా వెళ్ళిపోతాయే తప్ప రోగం కలిగించవు. నిజంగా రోగం వచ్చిన వ్యక్తిలో గుడ్లు కాలేయంలోనే ఉండిపోతాయి, మలంలో కనిపించవు. కనుక మలపరీక్షలో గుడ్డు దొరికితే అది భోజనాన్ని గురించి చెబుతుంది, రోగాన్ని గురించి కాదు. పైగా ఈ గుడ్డును మనిషి పేగులోని కొరడా పురుగు, ట్రైక్యూరిస్ గుడ్డుగా పొరబడడం సులభం. కొరడా పురుగు గుడ్డు పెంకు నునుపుగా ఉండి, బిరడాలు బయటకు పొడుచుకొని వస్తాయి. కాలోడియం గుడ్డు పెంకు మీద సన్నని గీతలు, గుంటలు ఉండి, బిరడాలు పెంకు అంచును దాటవు. ఆ ప్రాంతపు ఎలుకలలో ఏ పురుగు ఉన్నదో ముందే నమోదై ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని సాంకేతికుడు రెండవసారి చూస్తాడు. లేకుంటే అక్కరలేని మందు మింగించడమో, అక్కరలేని భయం కల్పించడమో జరుగుతుంది. ఒక సముదాయపు ఆహారాన్ని తప్పుపట్టడానికి శాస్త్రం పేరు వాడుకొనే వారికి కూడా ఆ భయమే ఆయుధమవుతుంది. బాగా ఉడికించిన మాంసంలో ఈ పురుగు గుడ్లు బ్రతకవు.

పేగును మాత్రమే తెరిచి చూసే అలవాటు మరొక లోపం. విద్యార్థుల పరిశీలనలలో పేగును కోసి, నీటిలో కడిగి, దొరికిన పురుగులను లెక్కించడం సాధారణంగా కనిపించే పద్ధతి. అందులో హైమెనోలెపిస్ డిమిన్యూటా వంటి బద్దెపురుగు, ముళ్ళతల పురుగు మోనిలిఫార్మిస్, సన్నని గుండ్రటి పురుగులు దొరుకుతాయి. కాని ఎలుక ఊపిరితిత్తుల పురుగు ఆంజియోస్ట్రాంగిలస్ కాంటోనెన్సిస్ పేగులో ఉండదు. గుండె కుడి భాగాన్ని, ఊపిరితిత్తులకు పోయే ధమనులను కత్తిరించి చూస్తేనే దొరుకుతుంది. ఆడ పురుగు శరీరంలో రక్తంతో నిండిన ఎర్రని పేగు చుట్టూ తెల్లని గర్భనాళాలు పెనవేసుకొని ఉండడం వలన, ఎర్ర దారాన్ని తెల్ల దారాన్ని కలిపి పేనినట్లు కనిపిస్తుంది. ఒకసారి చూసినవారు మరువరు. దీనిని 1935లో కాంటన్ నగరపు ఎలుకల నుండి వర్ణించారు. మనిషికి సోకితే డింభకాలు మెదడు పొరలకు చేరి ఒక రకమైన మెనింజైటిస్ కలిగిస్తాయని 1940ల దశకంలో తైవాన్‌లో బయటపడింది. బొంబాయి నగరపు ఎలుకలలో ఇది ఉన్నట్లు 1980ల తొలినాళ్ళలోనే వెల్లడైంది. దీనికి మాధ్యమిక అతిథేయులు నత్తలు. 1847లో కలకత్తాకు తెచ్చిన ఆఫ్రికా రాక్షస నత్త కోస్తా ఆంధ్రలోని తోటలలో కూడా చీడగా మారిన నేపథ్యంలో, నత్తా పందికొక్కూ కలిసి ఉన్న పొలాలలో ధమనులు తెరవకుండా వ్రాసిన పురుగుల జాబితాను పూర్తి జాబితాగా స్వీకరించలేము.

జాబితాలలో "లేదు" అన్న మాటకూ "చూడలేదు" అన్న మాటకూ భేదం పాటించాలి. ఏ ఎలుకలో ఏ అవయవాన్ని తెరిచారో, దేనిని తెరవలేదో వ్రాయని వ్యాసం నుండి ఒక పురుగు ఆ ప్రాంతంలో లేదన్న నిర్ణయానికి రావడం పొరపాటు. ఈ ఒక్క గడిని పట్టికలో చేర్చమని పర్యవేక్షకులు పట్టుబడితే చాలావరకు సరిపోతుంది.

ప్రజాతి పేరు వ్రాసి పక్కన "జాతి తెలియదు" అని వదిలివేయడం గురించి కూడా చెప్పుకోవాలి. తెలియనప్పుడు అలా వ్రాయడమే నిజాయితీ. ఊహించి జాతి పేరు తగిలించడం కంటే అది ఎంతో మేలు. అభ్యంతరం దానికి కాదు, తెలుసుకొనే వీలున్నా ఆగిపోవడానికి. సూది పురుగులలో సైఫేసియా ఉదాహరణ చాలు. చుంచెలుకలలో సాధారణమైన సైఫేసియా ఒబ్‌వెలాటా గుడ్డు పొడవు 120 మైక్రాన్లకు అటూ ఇటూ మొదలై 150 దాకా ఉంటుంది. ఎలుకలలో సాధారణమైన సైఫేసియా మ్యూరిస్ గుడ్డు పొడవు 70 నుండి 80 మైక్రాన్ల ప్రాంతంలోనే ఉంటుంది. కంటికటకంలో కొలబద్ద ఉన్న సూక్ష్మదర్శిని, ఒక మధ్యాహ్నం, ఇంతకు మించి కావలసినది లేదు. హైమెనోలెపిస్‌లో తలను చూస్తే చాలావరకు తేలుతుంది: డిమిన్యూటాకు కొక్కేలు ఉండవు, నానాకు ఒక వరుసలో 20 నుండి 30 వరకు ఉంటాయి. తల పేగు గోడకు అంటుకొని ఉండిపోయి, శరీరం మాత్రమే తెగి వచ్చిన నమూనాకు జాతి పేరు పెట్టిన సందర్భాలను మాత్రం అనుమానంతోనే చూడాలి. ఈ రెండు జాతులూ మనిషికి సోకగలవు, నానా అయితే ఒకరి నుండి మరొకరికి నేరుగా వ్యాపిస్తుంది. డిమిన్యూటా సోకాలంటే పిండిపురుగు వంటి కీటకాన్ని మింగాలి. ఒకదానికి చేతులు కడుగుకోవడం జవాబు, రెండవదానికి గాదెలో ధాన్యపు పురుగుల నివారణ జవాబు. పేరు మారితే సలహా మారుతుంది.

ఈ పురుగులనే ఎలుకల మీద ఆయుధంగా వాడవచ్చునన్న ఆశ అప్పుడప్పుడు సదస్సులలో వినిపిస్తుంది. దానికి ఆస్ట్రేలియా అనుభవం జవాబు చెబుతుంది. అక్కడి ధాన్యపు పొలాలలో చుంచెలుకల ఉప్పెనలను అరికట్టడానికి కాలోడియంను వాడాలని శాస్త్రజ్ఞులు సంకల్పించారు. అది ఏ అతిథేయులలో, ఏ ప్రాంతాలలో ముందే ఉన్నదో సర్వే చేశారు, స్థానిక జంతువులకు సోకుతుందేమో పరీక్షించారు. 1990ల దశకం మొదట్లో క్వీన్స్‌లాండ్‌లోని డార్లింగ్ డౌన్స్ పొలాలలో ప్రయోగించారు. పురుగు సోకింది గాని చుంచెలుకల సంఖ్యను అదుపు చేయలేకపోయింది. విఫలమైన ఆ ప్రయోగం నుండి గ్రహించవలసినది దాని క్రమశిక్షణ: ముందు గుర్తింపు, తరువాత సర్వే, ఆపై ప్రయోగం. ఇక్కడ మొదటి మెట్టు కూడా ఎక్కకుండా మూడవ మెట్టు గురించి మాట్లాడడం తొందరపాటు.

ఆచరణలో కావలసినది పెద్ద ప్రయోగశాల కాదు. విషపు ఎర తిన్న ఎలుక బొరియలోనే కుళ్ళుతుంది, దానిలోని పురుగులు కూడా గంటలలోనే చెడిపోతాయి. కనుక బుట్టలలో, బోనులలో పట్టిన ఎలుకలే పనికివస్తాయి. పట్టేవారికి ఈ పని వివరించి, విడిగా కూలి ఇచ్చి, ఏ గట్టున ఏ ఎలుక పడినదో వారినే అడగాలి. ఎలుకల జాతులను బొరియ ముఖం చూసి చెప్పగల నేర్పు వారికి ఉన్నది. చేతులకు తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే ఎలుక మూత్రంలో లెప్టోస్పైరా ఉండవచ్చు. బద్దెపురుగులను నీటిలో ఉంచి సడలిన తరువాతనే స్థిరీకరించాలి. ముడుచుకొన్న బద్దెపురుగులో అంతర్నిర్మాణం కనిపించదు. గుండ్రటి పురుగులను వేడిచేసిన 70 శాతం ఆల్కహాలులో వేస్తే నిటారుగా చనిపోతాయి. ప్రతి ఎలుక నుండి కొన్ని పురుగులను విడిగా 95 శాతం ఆల్కహాలులో ఉంచాలి; ఫార్మలిన్‌లో పడ్డ నమూనా నుండి తరువాత డీఎన్ఏ రాబట్టడం కష్టం. చీటీని పెన్సిలుతో వ్రాసి సీసా లోపలే వేయాలి. బయట అంటించిన చీటీలు, పెన్నుతో వ్రాసిన అక్షరాలు ఆల్కహాలు ముందు నిలవవు. ఎలుక పుర్రెను కూడా అదే సంఖ్యతో దాచాలి.

డీఎన్ఏ ఉంటే ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న యువ పరిశోధకుల నుండి వస్తున్నది. డీఎన్ఏ క్రమాన్ని పోల్చడానికి సరైన పేరుతో ముందే నమోదైన క్రమం ఉండాలి. తప్పు పేరుతో నమోదైన క్రమంతో పోలిస్తే తప్పు పేరే నూటికి నూరు శాతం సరిపోలినట్లు వస్తుంది. శరీర నిర్మాణం చూసి పేరు పెట్టిన నమూనా వెనుక ఉన్నప్పుడే ఆ పోలికకు విలువ.

పరిపాలనా పరమైన చిక్కులూ లేకపోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఎలుకలు హానికర జంతువుల షెడ్యూలులో ఉండేవి; 2022 సవరణతో ఆ షెడ్యూలు తొలగింది. నిర్మూలన కార్యక్రమం ఎలాగూ జరుగుతున్నది గనుక అనుమతి అక్కరలేదని భావించకుండా, సంస్థాగత జంతు నైతిక సంఘం ముందు ప్రతిపాదన పెట్టడం విద్యార్థులకు అలవాటు చేయాలి. సమయం చాలదన్న అభ్యంతరంలో కొంత నిజమున్నది. అందుకే ప్రతి మండలంలో, ప్రతి ఎలుకనూ పరిశీలించమనడం లేదు. మారుటేరు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి ఎలుకలపై దీర్ఘకాలపు పరిశోధనానుభవం ఉన్నది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఎలుకల యాజమాన్యంలో శిక్షణ ఇస్తున్నది. పశువైద్య విశ్వవిద్యాలయాలలో పరాన్నజీవి శాస్త్ర విభాగాలున్నాయి. ఈ మూడింటి నడుమ నమూనా ప్రయాణించే దారి మాత్రమే వేయవలసి ఉన్నది. పేరు నిర్ధారణ అయిన ప్రతి జాతి నుండి ఒక జతను భారత జంతు సర్వేక్షణ సంస్థలో జమచేసి, ఆ జమ సంఖ్యను వ్యాసంలో ముద్రించాలి.

ఆ సంఖ్య లేని ఎలుక పురుగుల వ్యాసాన్ని పరిశోధన పత్రికలు స్వీకరించకపోవడం మొదటి అడుగు కావచ్చు. అది కఠినమనిపించినా, స్నాతకోత్తర విద్యార్థి ఒక సీజనులో 30 ఎలుకలను గుండె నుండి మూత్రాశయం దాకా తెరిచి, 10 సీసాలు సరైన చీటీలతో అప్పగించడం, 300 ఎలుకల పేగులు కడిగి శాతాలు వేయడం కంటే తక్కువ పని. రానున్న రబీలో దాళ్వా వరికి బుట్టలు పెట్టే నాటికి ఆ సీసాలు సిద్ధం చేసుకోవచ్చు.